"వైకింగ్ సంగీతం" అని అమ్ముతున్నదాంట్లో వైకింగులది ఎంత? లైర్ నుంచి డప్పు దాకా రివ్యూ

[ముందుగా ఇరవై సెకన్ల ఆడియో]

విన్నారు కదా. పెద్ద డప్పు ఒకటి, కమాను పెట్టి లాగుతున్న తీగ ఒకటి, గొంతు అట్టడుగు నుంచి వచ్చే గురగుర ఒకటి. "వైకింగ్ మ్యూజిక్" అని వెతికితే ముందు చెవిన పడేవి ఈ మూడే. నమస్కారం. ఇవాళ్టి రివ్యూ దీని మీదే. తీర్పు చివరిదాకా దాచను, ఇప్పుడే చెప్పేస్తున్నా: ఈ మూడింటిలో ఒక్కదానికీ వైకింగుల కాలం నుంచి గట్టి ఆధారం లేదు. ఆధారం ఉన్న వాయిద్యాలు వేరే ఉన్నాయి. అవి చిన్నవి, గొంతు తక్కువవి. ట్రైలర్‌లో పెడితే అసలు వినపడవు.

స్కాండినేవియా నుంచి ఓడల మీద వచ్చి దాడులు, వ్యాపారం చేసినవాళ్ళు వైకింగులు. వాళ్ళ కాలాన్ని 793లో ఇంగ్లండు తీరాన లిండిస్‌ఫార్న్ మఠం మీద జరిగిన దాడితో మొదలుపెట్టి 1066 వరకు లెక్కేయడం మామూలు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. ప్రతి వాయిద్యాన్నీ వీటి మధ్యలో పడిందా, బయట పడిందా అనే చూద్దాం.

ముందు ఆ కమాను వాయిద్యం. దాని పేరు తాగెల్‌హార్ప. గుర్రపు వెంట్రుకలే తీగలు, కమానుకూ గుర్రపు వెంట్రుకలే. వేళ్ళు నొక్కడానికి కింద పలక ఉండదు. వాయించేవాళ్ళు చేతిని చట్రంలోకి దూర్చి వేళ్ళ వెనకభాగంతో, గోళ్ళతో తీగను తాకి స్వరం మారుస్తారు. పక్క తీగ మన తంబూరా లాగా ఒకే శ్రుతి పట్టుకుని మోగుతూ ఉంటుంది. ఆ గరగర అందుకే అంత బాగుంటుంది. కానీ చరిత్ర చూడండి. ఐరోపాలో కమాను కనిపించే తొలి బొమ్మలు 10వ శతాబ్దపువి, అవీ స్పెయిన్, బైజాంటియం వైపువి. నార్వేలో కమాను లైర్‌కి (లైర్ అంటే చట్రానికి తీగలు కట్టిన వాయిద్యం) ప్రసిద్ధమైన ఆధారం ట్రాండ్‌హైమ్‌లోని నీడరోస్ కెథెడ్రల్‌లో చెక్కిన రాతి బొమ్మ. అది 14వ శతాబ్దానిది. ఎస్టోనియాలోని స్వీడిష్ పల్లెల్లోనూ, ఫిన్లండ్ కరేలియాలో యౌహిక్కో అనే పేరుతోనూ ఈ వాయిద్యం 20వ శతాబ్దం తొలినాళ్ళ దాకా బతికింది. నిజమైన జానపద వాయిద్యమే, అందులో అనుమానం లేదు. వైకింగ్ అన్న చీటీ మాత్రం తర్వాత అతికించింది.

డప్పు సంగతి ఇంకా చిక్కు. స్కాండినేవియాలో ఆ కాలపు డప్పు అని నిస్సందేహంగా చెప్పగలిగింది ఒక్కటీ తవ్వకాల్లో బయటపడలేదు. "తోలు, చెక్క కుళ్ళిపోయి ఉంటాయి" అనే జవాబు వెంటనే వస్తుంది. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. వంచిన చెక్క చట్రం ముక్కగా దొరికితే అది జల్లెడదా డప్పుదా చెప్పడం కష్టం. కానీ అదే నేలలో చెక్క బకెట్లు, బండ్లు, ఏకంగా ఓడలే మిగిలాయి. అంచేత లేవని ఒట్టేసి చెప్పలేం, ఉన్నాయని అమ్మడం మాత్రం తప్పు. స్టేజీ మీద కనిపించే ఆ పెద్ద డప్పులకు ప్రేరణ స్కాండినేవియా ఉత్తరాన ఉండే సామీల డోళ్ళు, సైబీరియా డోళ్ళు. సామీలది వేరే జాతి, వేరే భాష, వేరే సంప్రదాయం. వాళ్ళ డోలు తెచ్చి వైకింగుల చేతిలో పెట్టి పేరు కూడా చెప్పకపోతే, దాన్ని అజ్ఞానం అని సర్దుకోవడం నాకు ఇష్టం లేదు. మోత గురించి రాతలో ఉన్నది ఒకటి చెప్పొచ్చు: 922లో వోల్గా ఒడ్డున రూస్ (తూర్పుకు వెళ్ళిన స్కాండినేవియన్లు) నాయకుడి అంత్యక్రియలు చూసిన బాగ్దాద్ దూత ఇబ్న్ ఫద్లాన్, మగవాళ్ళు కర్రలతో డాళ్ళ మీద కొట్టారని రాశాడు. ఎందుకు కొట్టారంటే, లోపల బలిగా చంపుతున్న బానిస పిల్ల అరుపులు బయటికి వినపడకుండా. దాన్ని పాటకు తాళం అనుకోలేం.

ఇక గొంతు గురగుర. దీనికి అందరూ చూపించే సాక్షి ఒక్కడే. 965 ప్రాంతంలో వైకింగుల వ్యాపార పట్టణం హెడెబీకి వచ్చిన అల్ తర్తూషీ అనే యాత్రికుడు, ఇక్కడివాళ్ళ పాట కంటే వికారమైనది వినలేదనీ, కుక్క అరుపు కంటే ఘోరంగా గొంతులోంచి వస్తుందనీ రాశాడు. దీన్ని పట్టుకుని రష్యాలోని తువా ప్రాంతపు గళగానం లాంటిది వైకింగులకూ ఉండేదని వాదిస్తారు. కొత్త ఊళ్ళో పాట నచ్చని అతిథి తిట్టిన తిట్టు అది. ఒక తిట్టులోంచి గాన పద్ధతిని ఎలా లాగుతాం?

సరే, ఉన్నదాని దగ్గరికి వద్దాం. రివ్యూలో ఎక్కువసేపు దీనికే.

[టేబుల్ మీద లైర్, కెమెరా దగ్గరగా]

ఆరు తీగల లైర్. మార్కెట్లో "వైకింగ్ లైర్" అని వచ్చే చాలా వాటికి మూలరూపం దక్షిణ జర్మనీలోని ట్రోసింగెన్‌లో 2001–02 చలికాలంలో దొరికిన వాయిద్యం. సమాధిలో వాడిన కలప ఆధారంగా తేలిన ఏడు 580. అంటే వైకింగులకు రెండు వందల ఏళ్ళ ముందు, అలమాని జాతి యోధుడిది. పొడవు సుమారు 80 సెంటీమీటర్లు. మేపుల్ మొద్దును తొలిచి ఒళ్ళు చేసి, పైన పల్చటి పలక అతికించారు. ఇంగ్లండులో 1939లో తవ్విన సటన్ హూ లైర్ కూడా 7వ శతాబ్దపుదే. మరి వైకింగులది? స్కాండినేవియాలో పూర్తి లైర్ దొరకలేదు. గోట్లండ్ దీవిలో బ్రోవా దగ్గర అంబర్‌తో చేసిన బ్రిడ్జి (తీగలను పలక మీద ఎత్తి పట్టే ముక్క), స్వీడన్‌లోని బిర్కాలో కొమ్ముతో చేసిన బ్రిడ్జి, హెడెబీలో పైచట్రం ముక్క, ఇలా విడిభాగాలే దొరికాయి. ఈ భాగాలు పాత లైర్‌లతో సరిపోతున్నాయి కాబట్టి ఆకారమూ అదే అని ఊహ. మంచి ఊహే. ప్రకటనలో "అసలు వైకింగ్ నమూనా" అంటే మాత్రం నమ్మకండి, మంచి అమ్మకందారు "ట్రోసింగెన్ నమూనా" అనే రాస్తాడు.

శ్రుతి ఎలా చేయాలి? ఉత్తర ఫ్రాన్సులో మఠవాసి హుక్‌బాల్డ్, 9వ శతాబ్దం చివర రాసిన సంగీత గ్రంథంలో ఆరు తీగల వాయిద్యం గురించి చెబుతూ తీగల మధ్య దూరాలు ఇచ్చాడు: పూర్తి, పూర్తి, అర, పూర్తి, పూర్తి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కేసుకోండి: స రి గ మ ప ద. శంకరాభరణం స్వరాలే, ని మాత్రం లేదు. ఆయన నార్డిక్ మనిషి కాదు, కాబట్టి ఇది కూడా పక్కింటి సాక్ష్యమే. కానీ కాలం సరిపోతుంది, వాయిద్యంలో తీగల సంఖ్య సరిపోతుంది. దీనికంటే మెరుగైన శ్రుతి ఇప్పటికి లేదు.

వాయించే పద్ధతి చూడండి. ఎడమ చేయి చట్రం వెనక నుంచి వస్తుంది. రెండు, నాలుగు, ఆరు తీగల మీద వేళ్ళు ఆనించి కుడి చేత్తో మొత్తం ఒక్కసారి మీటితే స గ ప మోగుతాయి. వేళ్ళు ఒకటి, మూడు, ఐదు మీదికి మారిస్తే రి మ ద. ఈ రెండు గుచ్ఛాల మధ్య ఊగుతూ పాడొచ్చు. వేళ్ళు గట్టిగా నొక్కకూడదు, తాకాలి అంతే. నొక్కితే ఆపిన తీగే వేరే స్వరం పలుకుతుంది. కొత్తవాళ్ళు మొదటి వారం పడే తిప్పలు ఇవే.

కొనేటప్పుడు నాలుగు విషయాలు. మోగే తీగ పొడవు 50 సెంటీమీటర్లు ఉన్న లైర్‌కి, గట్ తీగలు, అంటే గొర్రె పేగువి, కింది జి స్వరానికి 0.9 మిల్లీమీటర్లు, పై ఇ స్వరానికి 0.55 వేస్తే ఒక్కో తీగ మీద సుమారు మూడుంపావు కిలోల లాగుడు పడుతుంది, ఆరింటికీ కలిపి దాదాపు 20 కిలోలు. పల్చటి పలక దీనికి తట్టుకుంటుంది. గట్ తరచూ తెగుతోందని అదే మందం స్టీలు తీగ వేసి అదే శ్రుతికి బిగించారనుకోండి, స్టీలు సాంద్రత ఆరు రెట్లు కాబట్టి లాగుడూ ఆరు రెట్లు. పలక కుంగుతుంది, అతుకు విడుతుంది. గట్ వద్దనుకుంటే దాదాపు అదే సాంద్రతతో చేసిన సింథటిక్ తీగలు దొరుకుతాయి, అవి వేసుకోండి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో వానాకాలం గట్ తీగ తేమ పీల్చి రోజుకు మూడుసార్లు శ్రుతి తప్పుతుంది, ఇక్కడ సింథటిక్ తీగే తెలివైన పని.

తీగ ఎప్పుడూ ఒకే చోట, బ్రిడ్జి దగ్గరే తెగుతుంటే తప్పు తీగది కాదు. గాడి అంచు పదునుగా ఉంది. సన్నటి ఉప్పుకాగితంతో గుండ్రం చేసి, గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దండి. బ్రిడ్జి అతికించి ఉందా, విడిగా నిలబడిందా చూడండి. పాతవాటిలో తీగల ఒత్తిడి మీదే నిలబడుతుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి వదులు చేయకూడదు, బ్రిడ్జి పడిపోతుంది. ఒక్కొక్కటీ మార్చుకోవాలి. బిరడలు చెక్కవైతే జారినప్పుడు కొద్దిగా సుద్ద పూయండి, బిగుసుకుపోతే సబ్బు. తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి. వీణ, వయొలిన్ పట్టుకున్నవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. చెక్క బిరడలకు బదులు ఇనప పిన్నులు ఉన్నవి శ్రుతిలో బాగా నిలబడతాయి. వాటికి నిజాయితీ మార్కులు తగ్గిస్తా, వాడకం మార్కులు పెంచుతా.

ఊదే వాయిద్యాల్లో నా ఓటు ఇంగ్లండులో వైకింగులు ఏలిన యార్క్‌కే. అక్కడి కాపర్‌గేట్ తవ్వకాల్లో 10వ శతాబ్దపు చెక్క వాయిద్యం దొరికింది. రెల్లు గొట్టాలు కట్టింది కాదు, ఒకే బాక్స్‌వుడ్ దిమ్మలో పక్కపక్కన రంధ్రాలు తొలిచారు. ఒక అంచు విరిగింది, ఐదు గొట్టాలు మిగిలాయి, వాటితో వరుసగా ఐదు స్వరాలు పలుకుతాయి. కాలం, చోటు, ఊరు, అన్నీ గీతల లోపలే. అరచేతిలో పట్టే వస్తువు. ఏ బ్యాండు పోస్టర్ మీదా దీన్ని ముందు పెట్టరు, చిన్నగా ఉంటుంది మరి. ఎముక పిల్లనగ్రోవులూ చాలాచోట్ల దొరికాయి, రెండుమూడు రంధ్రాలతో. నకలు కొంటే లోపలి బిరడా తేనెమైనంతో చేసిందేమో అడగండి. ఎండలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి, గాలి దారి మూసుకుపోయి మూగబోతుంది.

లూర్ కొమ్ముల విషయంలో ఒక గందరగోళం ఉంది. మెలికలు తిరిగిన కంచు లూర్‌లు వైకింగులకు వెయ్యేళ్ళకు పైగా ముందువి. డెన్మార్క్ వెన్న డబ్బా మీద ఉండే బొమ్మ వాటిదే. 834 నాటి ఒసెబెర్గ్ ఓడ సమాధిలో దొరికింది మీటరు పైచిలుకు పొడవున్న చెక్క గొట్టం. పాటకంటే సంకేతాలకే పనికొచ్చే వస్తువు. మోర్సింగ్ కూడా "వైకింగ్" సెట్లలో పెట్టి అమ్ముతారు, ఐరోపాలో అవి విరివిగా దొరికేది 13వ శతాబ్దం నుంచి.

ఇప్పుడు పాటలోని మాట. ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, మనకు యతి తెలుసు. వైకింగుల భాష పాత నార్స్, దాని పద్యం నడిచేది అలాంటి మైత్రి మీదే. పాదం రెండు సగాలు, గట్టిగా ఒత్తి పలికే అక్షరాలు సగం దాటి కలుస్తాయి. "డెయ్ర్ ఫే, డెయ్యా ఫ్రైండ్ర్": డ-కు డ, ఫ-కు ఫ. అచ్చులకైతే ఏ అచ్చు ఏ అచ్చుతోనైనా కలుస్తుంది, మన కంటే ఉదారం. ఆల్బం వినేటప్పుడు దీన్నే గమనించండి. నాలుగు దెబ్బల డప్పు మీద పదాన్ని సాగదీస్తే ఒత్తు వెళ్ళి విభక్తి ప్రత్యయం మీద పడుతుంది, పద్యం చచ్చిపోతుంది. బెంజమిన్ బాగ్బీ, సెక్వెంషియా బృందం 1999లో తెచ్చిన ఎడ్డా (పాత నార్స్ పురాణ పద్యాలు) రికార్డింగులో లైర్ పద్యాన్ని అనుసరిస్తుంది, లాక్కెళ్ళదు. అందుకే చరిత్ర వైపు నుంచి దానికే నా మొదటి మార్కు.

నార్వే బృందం వార్డ్రూనా సంగతి వేరే. 2009, 2013, 2016ల్లో వచ్చిన మూడు ఆల్బంలు పాత 24 రూన్‌ల (ఉత్తరాది పాత లిపి అక్షరాల) చుట్టూ కట్టినవి. వైకింగుల నాటికి వాడుకలో ఉన్నవి 16 రూన్‌లే. కానీ వాళ్ళు పాత సంగీతాన్ని ఉన్నదున్నట్టు చేస్తున్నామని ఎక్కడా చెప్పుకోరు, కాబట్టి దీన్ని తప్పుగా రాయను. హైలుంగ్ బృందం తమది "యాంప్లిఫైడ్ హిస్టరీ" అంటారు, అంటే చరిత్రకు స్పీకర్లు తగిలించింది. ఈ రెండూ సంగీతంగా నాకు చాలా ఇష్టం. గొడవల్లా వాటి కింద ఇంకెవరో పెట్టే శీర్షికలతోనే.

అలాంటి శీర్షిక ఒకటి. "వెయ్యేళ్ళ నాటి వైకింగ్ పాట" అని థంబ్‌నెయిల్ కనబడితే, లోపల ఉండేది చాలావరకు "డ్రోమ్డె మిక్ ఎన్ డ్రోమ్ ఇ నాట్". అది 1300 ప్రాంతంలో రూన్ లిపిలో రాసిన స్కోనె ప్రాంతపు చట్టాల పుస్తకం చివరి పేజీలో, స్వరాలతో సహా ఉన్న రెండు పంక్తులు. నార్డిక్ దేశాల్లో స్వరలిపితో మిగిలిన లౌకిక గీతాల్లో అన్నిటికంటే పాతది. మన రెండో గీత 1066. ఆ పాట దాన్ని దాటి రెండు వందల ముప్పై ఏళ్ళ అవతల ఉంది.