రెజ్యూమే రిజెక్ట్ అవ్వట్లేదు, సెర్చ్‌లో దొరకట్లేదు: ఏటీఎస్‌కి కీవర్డ్స్ ఎలా పెట్టాలి?

[తెర మీద: ఒక ఉద్యోగ ప్రకటన. ఆటోమేషన్ టెస్ట్ ఇంజనీర్, 3 నుంచి 5 ఏళ్ల అనుభవం, బెంగళూరు, హైబ్రిడ్. కర్సర్ అప్లై బటన్ మీద ఆగి ఉంటుంది.]

ఈ బటన్ నొక్కగానే మీ రెజ్యూమే ముందు ఒక సాఫ్ట్‌వేర్ చేతిలో పడుతుంది. దాన్ని అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్, పొట్టిగా ఏటీఎస్ అంటారు. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, ఐసిమ్స్, చెన్నై జోహో వాళ్ల జోహో రిక్రూట్, హైదరాబాద్ డార్విన్‌బాక్స్, ఇలా చాలా ఉన్నాయి. "నూటికి 75 రెజ్యూమేల్ని ఏటీఎస్సే చెత్తబుట్టలో వేస్తుంది" అని రీల్స్‌లో భయపెడుతుంటారు కదా, ఆ అంకెని పట్టించుకోకండి. దాని వెనక చూపించదగ్గ లెక్కేమీ లేదు.

అసలు జరిగేది చూద్దాం. మొదట ఏటీఎస్‌లో పార్సర్ అనే భాగం మీ ఫైల్లోని అక్షరాల్ని బయటికి లాగుతుంది. పేరు, ఫోను, కంపెనీలు, తేదీలు, స్కిల్స్... దేని గడిలో దాన్ని పెడుతుంది. తర్వాత మీరు ఫారంలో ఇచ్చిన జవాబులు చూస్తుంది: నోటీస్ పీరియడ్ ఎంత, ఆఫీసుకి వస్తారా, ఎన్నేళ్ల అనుభవం. కంపెనీ ఇక్కడ కోత పెట్టుకుని ఉంటే నిజంగానే ఆటోమేటిక్‌గా రిజెక్ట్ అవుతారు. రెజ్యూమే ఎంత బాగున్నా లాభం లేదు. ఆ తర్వాత రిక్రూటర్ కూర్చుని సెర్చ్ కొడతారు.

[తెర మీద: సెర్చ్ బాక్స్‌లో టైప్ అవుతుంది: సెలీనియం అండ్ జావా అండ్ (రెస్ట్ అష్యూర్డ్ ఆర్ ఏపీఐ టెస్టింగ్)]

అండ్ అంటే రెండూ ఉండాలి, ఆర్ అంటే ఏదో ఒకటి చాలు. మీరు నాలుగేళ్లుగా సెలీనియం అనే ఆటోమేషన్ టూల్ మీదే పని చేస్తున్నా, రెజ్యూమేలో "ఆటోమేషన్ టూల్స్ వాడాను" అని రాసి ఊరుకుంటే ఈ సెర్చ్‌లో మీ పేరు రాదు. మిమ్మల్ని ఎవరూ కాదనలేదు, అసలు చూడనే లేదు. కొన్ని సిస్టమ్స్ అర్థం దగ్గరగా ఉన్న మాటల్ని కూడా పట్టుకుని ర్యాంకు ఇస్తాయి. కానీ మీరు అప్లై చేసే కంపెనీలో ఏది ఉందో మీకు బయటినుంచి తెలీదు. అందుకే ప్రకటనలో ఉన్న మాటని, ఉన్నట్టుగా రాయడమే క్షేమం.

[తెర మీద: ప్రకటన మొత్తం కాపీ చేసి ఒక డాక్యుమెంట్‌లో పేస్ట్ చేస్తారు. మూడు రంగుల హైలైటర్.]

జేడీ, అంటే జాబ్ డిస్క్రిప్షన్, ప్రకటనలోని ఆ వివరాలన్నీ కాపీ చేసి పక్కన పెట్టుకోండి. పేర్లున్న వాటినే గుర్తించండి: టూల్స్, భాషలు, పద్ధతులు, సర్టిఫికేషన్లు, డొమైన్. "టీమ్ ప్లేయర్", "డైనమిక్" లాంటివి వదిలేయండి, వాటిని పెట్టి ఎవరూ సెర్చ్ చేయరు. మన ప్రకటనలో తేలినవి ఇవి: సెలీనియం వెబ్‌డ్రైవర్, జావా, టెస్ట్‌ఎన్‌జీ, రెస్ట్ అష్యూర్డ్, జెంకిన్స్, జీరా, ఎజైల్, బ్యాంకింగ్ డొమైన్, ఐఎస్‌టీక్యూబీ (టెస్టింగ్ సర్టిఫికేషన్) ఉంటే మంచిది. ఇప్పుడు రంగులు వేయండి. మీరు చేసినదానికి ఆకుపచ్చ. దానికి దగ్గర పని చేసి ఉంటే పసుపు. అసలు తెలియకపోతే ఎరుపు.

"మస్ట్ హ్యావ్" అన్న భాగంలో సగానికి మించి ఎరుపే కనిపిస్తే ఆ ప్రకటన వదిలేయండి. ఆ అరగంట ఇంకో దాని మీద పెట్టొచ్చు. పసుపు దగ్గర మాత్రం కాస్త ఆగండి, చాలామంది పోగొట్టుకునేది అక్కడే. రెస్ట్ అష్యూర్డ్ అనే ఏపీఐ టెస్టింగ్ టూల్ అడిగారు, మీరు పోస్ట్‌మ్యాన్‌లో ఏపీఐలు టెస్ట్ చేశారు. "ఏపీఐ టెస్టింగ్ (పోస్ట్‌మ్యాన్)" అని రాయండి. పైన చూసిన సెర్చ్‌లో ఆర్ పక్కన ఆ మాట ఉంది కాబట్టి మీరు దొరుకుతారు. అది అబద్ధమూ కాదు.

ఇక మాట ఎక్కడ పెట్టాలి. ముఖ్యమైన ప్రతి స్కిల్ రెండు చోట్ల ఉండాలి. ఒకటి స్కిల్స్ సెక్షన్‌లో, రెండోది ఏ ప్రాజెక్టులో వాడారో ఆ లైనులో. స్కిల్స్‌లో ఉండి కింద ఎక్కడా కనిపించకపోతే, ఫైలు తెరిచిన రిక్రూటర్‌కి అది కోచింగ్ సెంటర్ సిలబస్‌లా కనిపిస్తుంది. స్కిల్స్ 12, 15 మించకుండా చూసుకోండి. ఎంఎస్ ఆఫీస్, ఇంటర్నెట్ బ్రౌజింగ్ లాంటివి తీసేయండి.

[తెర మీద: రెండు లైన్లు, ఒకదాని కింద ఒకటి.]

పాత లైను ఇలా ఉంది: బ్యాంకింగ్ అప్లికేషన్ టెస్టింగ్ బాధ్యత చూశాను, బగ్స్ రిపోర్ట్ చేశాను.

కొత్త లైను: బ్యాంకింగ్ అప్లికేషన్‌కి సెలీనియం వెబ్‌డ్రైవర్, జావా, టెస్ట్‌ఎన్‌జీతో 240 రిగ్రెషన్ కేసులు ఆటోమేట్ చేసి, జెంకిన్స్‌లో రోజూ రాత్రి నడిచేలా పెట్టాను, రెండు రోజులు పట్టే రిగ్రెషన్ 5 గంటలకి తగ్గింది.

ఐదు కీవర్డ్స్ ఒకే లైనులో కూర్చున్నాయి, ఎక్కడా ఇరికించినట్టు లేదు. 240 అనేది ఉదాహరణకి వేసిన అంకె. మీ అంకె మీ జీరాలోనో టెస్ట్ రిపోర్టుల్లోనో ఉంటుంది, అక్కడ చూసి రాయండి. ఇంటర్వ్యూలో మొదట గుచ్చి అడిగేది దాని గురించే.

పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ ఒక్కసారైనా రావాలి. సీఐ/సీడీ అని రాసినచోట పక్కనే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్, కంటిన్యువస్ డెలివరీ అని విడమరచండి. ఐఎస్‌టీక్యూబీ అయితే "సర్టిఫైడ్ టెస్టర్ ఫౌండేషన్ లెవల్" అని పూర్తిగా రాసి, సీటీఎఫ్‌ఎల్ కూడా చేర్చండి. రియాక్ట్‌కి పక్కన జేఎస్ కలిపి రాసేవాళ్లు, మధ్యలో చుక్క పెట్టి రాసేవాళ్లు, వట్టిగా రియాక్ట్ అని రాసేవాళ్లు ఉన్నారు. ఆ ప్రకటనలో ఎలా ఉంటే అలా రాయండి. జావా, జావాస్క్రిప్ట్ వేర్వేరని మీకు తెలుసు. సెర్చ్ చేసే హెచ్‌ఆర్‌కి తెలుసని గ్యారంటీ లేదు, కాబట్టి మీకు రెండూ వస్తే రెండూ విడివిడిగా రాయండి.

హోదా దగ్గర మన సర్వీస్ కంపెనీల వాళ్లకి ఒక చిక్కు ఉంది. ఆఫర్ లెటర్లో "సిస్టమ్స్ ఇంజనీర్" అనో "ప్రోగ్రామర్ అనలిస్ట్" అనో ఉంటుంది, చేసేది టెస్టింగ్. సెర్చ్ చేసేవాళ్లు ఆ పేర్లతో వెతకరు. అలాగని హోదా మార్చేస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో పొంతన కుదరదు. అసలు హోదా ఉంచి, గీత పెట్టి పక్కన పని రాయండి: సిస్టమ్స్ ఇంజనీర్ – ఆటోమేషన్ టెస్టింగ్. పైన సమ్మరీ మొదటి లైనులో మాత్రం ప్రకటనలో ఉన్న ఉద్యోగం పేరు రావాలి: 4 ఏళ్ల అనుభవం ఉన్న ఆటోమేషన్ టెస్ట్ ఇంజనీర్, అని.

[తెర మీద: రంగుల టెంప్లేట్ రెజ్యూమే. ఎడమ పక్క ఫోటో, స్కిల్స్‌కి చుక్కల రేటింగ్. కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్.]

ఇప్పుడు ఫైలు సంగతి. మాటలన్నీ సరిగ్గా ఉన్నా ఇక్కడ బోల్తా పడొచ్చు. మీ పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పార్సర్‌కి కనిపించేది దాదాపు అదే.

ఏమీ పేస్ట్ కాలేదా? మీది స్కాన్ చేసిన బొమ్మ, అందులో అక్షరాలే లేవు. ఎడమ కాలమ్ లైను, కుడి కాలమ్ లైను కలిసిపోయి "జెంకిన్స్ బీటెక్ 2019 కడప జీరా" అని వచ్చిందా? రెండు కాలమ్స్‌ని అడ్డంగా చదివేసింది, ఒకే కాలమ్‌కి మార్చండి. స్కిల్స్‌కి వేసిన ఐదు చుక్కలు మాయమయ్యాయా? పోనివ్వండి, జావాకి ఐదులో నాలుగు చుక్కలంటే ఎంత వచ్చినట్టో మనిషికీ అర్థం కాదు. ఫోను, మెయిల్‌ని వర్డ్‌లో హెడ్డర్ భాగంలో పెట్టారా? కొన్ని పార్సర్లు ఆ భాగాన్ని చదవవు. పేజీలోకే దింపండి, లేదంటే అన్నీ నచ్చినా ఫోన్ చేయడానికి నంబరు ఉండదు.

ఇంకోటి, ఎవరూ గమనించనిది. పేస్ట్ చేసినదాంట్లో "సర్టిఫైడ్" అన్న ఇంగ్లిష్ మాట మధ్యలో విరిగిందేమో చూడండి. కొన్ని ఫాంట్లు ఎఫ్, ఐ అక్షరాలు పక్కపక్కనే వస్తే రెంటినీ కలిపి ఒకే ఆకారంగా గీస్తాయి. ఎఫ్, ఎల్ కలిసినా అంతే. కంటికి బాగుంటుంది. పీడీఎఫ్ నుంచి అక్షరాలు లాగినప్పుడు ఆ ఆకారం ఒక్కోసారి ఖాళీగా వస్తుంది. అప్పుడు సర్టిఫైడ్, వర్క్‌ఫ్లో, కాన్ఫిగరేషన్, డేటా వాళ్లకైతే ఎయిర్‌ఫ్లో, ఇవన్నీ సెర్చ్‌కి అందవు. వర్డ్‌లో ఫాంట్ బాక్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో లిగేచర్స్ (ఈ కలిపి గీసిన ఆకారాల పేరు అదే) దగ్గర "నన్" పెట్టండి. ఏరియల్, కాలిబ్రి లాంటి మామూలు ఫాంటు వాడండి.

తేదీలకి నెల, సంవత్సరం రెండూ ఇవ్వండి. 2021–2022 అని వట్టి సంవత్సరాలు రాస్తే అది రెండు నెలలు కావచ్చు, రెండేళ్లు కావచ్చు. మూడేళ్లు దాటాలన్న ఫిల్టర్ దగ్గర ఈ తేడా మీ కొంప ముంచుతుంది. పేరు విషయానికొస్తే, ఇంటిపేరు పొడి అక్షరాలు ముందు పెట్టి రాయడం మన అలవాటు. పార్సర్ ఆ పొడి అక్షరాన్నే మొదటి పేరు అనుకోవచ్చు. అసలు పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర పెట్టండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్, చివర్లో సంతకంతో డిక్లరేషన్ అక్కర్లేదు. ఇది పెళ్లి బయోడేటా కాదు.

ఇవన్నీ సరిచేశాక పరీక్ష చేసుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. వర్క్‌డే లాంటి పోర్టల్స్‌లో రెజ్యూమే అప్‌లోడ్ చేయగానే అనుభవం, చదువు గడులు వాటంతటవే నిండుతాయి. ఆ యంత్రానికి ఏం అర్థమైందో మీ కళ్లముందే ఉంది. విసుగొచ్చి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేయకుండా ఒక్కో గడీ చదివి సరిచేయండి.

[తెర మీద: నౌకరీ ప్రొఫైల్ పేజీ.]

బెంగళూరులో చాలా కాల్స్ అప్లై చేసినందుకు రావు, నౌకరీ జాబ్ సైటులో రిక్రూటర్ మిమ్మల్ని వెతికి పట్టుకుంటే వస్తాయి. అక్కడ ఫైలుతో పాటు ప్రొఫైల్ గడుల మీద కూడా వెతుకుతారు. హెడ్‌లైన్, కీ స్కిల్స్ మీ రెజ్యూమేతో సరిపోవాలి. నోటీస్ పీరియడ్ నిజంగా ఎంతో అంత పెట్టండి, రిజైన్ చేసి ఉంటే లాస్ట్ వర్కింగ్ డే కూడా చెప్పండి. 90 రోజులున్న వాళ్లని వడకట్టి 30 రోజుల లోపు వాళ్లనే చూసే రిక్రూటర్లు ఎక్కువ. ఊరు కూడా చూసుకోండి. మారతహళ్లి పీజీలో ఉంటూ, ప్రొఫైల్లో మాత్రం కాలేజీ రోజుల్లో పెట్టిన అనంతపురమో గుంటూరో ఉంచేసుకున్నవాళ్లు బోలెడుమంది. లొకేషన్ ఫిల్టర్ పెట్టగానే వాళ్లు లిస్టులోంచి జారిపోతారు. రెజ్యూమేలో బెంగళూరుకి పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్, 2014లో మారిన కొత్త స్పెల్లింగ్ రెండూ ఉంటే ఇంకా మంచిది.

షార్ట్‌కట్ల గురించి రెండు ముక్కలు. జేడీ మొత్తాన్ని తెల్ల అక్షరాల్లో కింద దాచే చిట్కా తిరుగుతోంది. పార్సర్ రంగులు చూడదు, అక్షరాలే చూస్తుంది. రిక్రూటర్ తెర మీద ఆ దాచిందంతా నల్లగా బయటపడుతుంది. ఇక లేని అనుభవాన్ని కన్సల్టెన్సీ చేత రాయించుకోవడం: వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతారు, ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో ఎప్పుడు వెళ్లారో అందులో ఉంటుంది. ఆఫర్ వచ్చి, జాయినయ్యాక ఉద్యోగం పోవడం అసలు రాకపోవడం కంటే ఘోరం.

ఆన్‌లైన్ "ఏటీఎస్ స్కోర్" సైట్లు? ఒక్కో సైటుకి ఒక్కో లెక్క. మీరు తెచ్చుకున్న 92ని ఏ కంపెనీ చూడదు. ఏ మాట మర్చిపోయామో చూసుకోవడం వరకు వాడుకోండి, 100 కోసం డబ్బు కట్టకండి.

ప్రతిసారీ మొదట్నుంచి రాయనక్కర్లేదు. మీరు చేసిన ప్రాజెక్టులు, టూల్స్, అంకెలు అన్నీ ఉన్న నాలుగైదు పేజీల మాస్టర్ ఫైలు ఒకటి పెట్టుకోండి. అది ఎవరికీ పంపేది కాదు. ప్రకటన దొరికినప్పుడు దాంట్లోంచి సమ్మరీ, స్కిల్స్ వరుస, మూడు నాలుగు లైన్లు ఏరి రెండు పేజీల్లో సర్దండి. అలవాటయ్యాక 20 నిమిషాల పని.

[తెర మీద: ఫోల్డర్. లోపల ఒక రెజ్యూమే, ఒక జేడీ.]

ఫైలుకి మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి, "ఫైనల్ న్యూ 3" అని కాదు. పంపిన రెజ్యూమేతో పాటు ఆ జేడీ కాపీ కూడా అదే ఫోల్డర్లో దాచండి. కాల్ వచ్చేటప్పటికి ఆ ప్రకటన సైటులోంచి తీసేసి ఉండొచ్చు, వాళ్లేమో మీరు రాసిన లైన్ల గురించే అడుగుతారు.