నీటి హక్కు మీద లోన్: కొలరాడోలో బ్యాంకు ఏం చూసి ఇస్తుంది?

తెర మీద: కొలరాడో రాష్ట్రం, సౌత్ ప్లాట్ నది, ఆగస్టు నెల. పక్కపక్కనే రెండు కాలువలు. ఒకదాంట్లో నీళ్లు పారుతున్నాయి. రెండో దానికి గేటు దించేశారు.

వ్యాఖ్యానం:
ఈ రెండు కాలువలూ ఒకే నది నుంచి తీసినవి. నీళ్లు పారుతున్న కాలువకి హక్కు 1860లలో వచ్చిందనుకోండి, ఎండిపోయిన దానికి 1880లలో. నదిలో నీళ్లు తగ్గినప్పుడు కొత్త హక్కున్న వాళ్ల గేటు ముందు మూస్తారు. పాత హక్కు వాళ్లకి పూర్తిగా అందాకే మిగతా వాళ్ల సంగతి. 1876 నాటి కొలరాడో రాజ్యాంగంలోనే ఈ పద్ధతి ఉంది.

మన డెల్టాలో కాలువ మొదట్లో పొలం ఉన్నవాడు అదృష్టవంతుడు, శివారు రైతు ఎప్పుడూ ఆకాశం వైపే చూడాలి. అక్కడ దిగువన ఉన్న రైతు చేతిలో పాత తేదీ ఉంటే ఎగువ వాళ్ల గేట్లనే మూయించగలడు. దాన్ని 'కాల్ పెట్టడం' అంటారు.

ఇంకో సంగతి. అక్కడ ఈ హక్కు సొంత ఆస్తి. పొలం నుంచి విడదీసి అమ్ముకోవచ్చు, తనఖా పెట్టుకోవచ్చు. మన దగ్గర కాలువ నీళ్లు చూపించి లోన్ అడిగితే మేనేజర్ నవ్వుతాడు!

తెర మీద: పాతకాలపు షేర్ సర్టిఫికెట్. దాని మీద కాలువ కంపెనీ ముద్ర.

వ్యాఖ్యానం:
చాలా చోట్ల రైతు కొనేది కాలువ కంపెనీలో వాటా. రైతులే కలిసి పెట్టుకున్న కంపెనీలు ఇవి, లాభాలు పంచేవి కావు. వాటాకి ఇన్ని నీళ్లని లెక్క. అప్పిచ్చేది ఎక్కువగా ఫార్మ్ క్రెడిట్ సంస్థలు, పల్లె బ్యాంకులు. ఫార్మ్ క్రెడిట్ అంటే 1916 చట్టంతో మొదలైన రైతుల సహకార వ్యవస్థ.

అప్పిచ్చేవాడు ఒరిజినల్ సర్టిఫికెట్ తన బీరువాలో పెట్టుకుంటాడు. కంపెనీ పుస్తకంలో తన పేరు రాయిస్తాడు. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో తనఖా రిజిస్టర్ చేయిస్తాడు. ఇన్ని జాగ్రత్తలకి కారణం ఉంది. తనఖా పత్రంలో పొలం రాసి నీటి సంగతి సరిగ్గా రాయకపోతే, రేపు అప్పు ఎగ్గొట్టినప్పుడు బ్యాంకుకి ఎండు నేల మిగలొచ్చు. ఆ ప్రాంతంలో నీళ్లు లేని పొలం విలువ ఎంతో ఊహించుకోండి.

ఇంటికైతే టైటిల్ ఇన్సూరెన్స్ ఉంటుంది, అంటే యాజమాన్యంలో లొసుగు బయటపడితే నష్టం భరించే బీమా. నీటి హక్కుకి మామూలుగా అది దొరకదు. అందుకే లాయరు పాత దస్తావేజులన్నీ తిరగేసి లీగల్ ఒపీనియన్ ఇవ్వాలి. మనం ఈసీ తీయించినట్టే, కాకపోతే నూట యాభై ఏళ్ల వెనక్కి.

తెర మీద: పొలంలోకి వంద వంతుల నీళ్లు. కొంత పంట తాగింది, మిగతాది నేలలోంచి తిరిగి నదిలోకి.

వ్యాఖ్యానం:
అసలు కిటుకు ఇక్కడుంది. ఇన్ని నీళ్లు తీసుకోవచ్చని హక్కు తేల్చిన కోర్టు డిక్రీలో పెద్ద అంకె ఉండొచ్చు. ఆ అంకె చూసి డబ్బిస్తే బ్యాంకు మునిగినట్టే. హక్కుని వేరే చోటికో వేరే అవసరానికో మార్చాలంటే వాటర్ కోర్టుకి వెళ్లాలి. 1969 చట్టం ప్రకారం రాష్ట్రంలో 7 డివిజన్లు ఉన్నాయి, ఒక్కో డివిజన్‌కి ఒక కోర్టు. కోర్టు అడిగేది ఒకటే: ఇన్నేళ్లలో పంట నిజంగా ఎంత తాగింది? కాలువలోకి వంద వంతులు తీసి, అందులో యాభై తిరిగి నదిలో కలిసి ఉంటే, ఆ యాభై దిగువ వాళ్లది. మీరు కదిలించగలిగేది మిగతా యాభైనే. ఇది తేల్చడానికి ఇంజనీర్ల రిపోర్టులు, దిగువ వాళ్ల అభ్యంతరాలు, లాయర్ల ఫీజులు. ఏళ్లు పడుతుంది. ఆ టెన్షన్ అంతా అప్పు ఖర్చులో భాగమే, బ్రోచర్లలో మాత్రం కనపడదు.

ఇంకో ప్రమాదం, వాడకపోవడం. వరసగా పదేళ్లు వాడకుండా వదిలేస్తే హక్కు వదులుకున్నట్టు చట్టం భావిస్తుంది. అందుకే లోన్ షరతుల్లో 'నీళ్లు వాడుతూనే ఉండాలి' అని రాస్తారు. కాలువ కంపెనీకి ఏటా కట్టే చందా బాకీ పడినా వాటా పోయే ప్రమాదం ఉంది.

తెర మీద: కొలరాడో బిగ్ థాంప్సన్ ప్రాజెక్టు సొరంగం. 3,10,000 యూనిట్లు.

వ్యాఖ్యానం:
ఇప్పుడు ఒక వింత చూడండి. ఈ ప్రాజెక్టు కొండల అవతలి నీళ్లని 21 కిలోమీటర్ల సొరంగంలోంచి ఇవతలికి తెస్తుంది. దీని హక్కు 1935 నాటిది, అంటే 1860ల కాలువల ముందు పిల్లకాయ. అయినా ధర తేల్చడం దీనికే సులువు. ఈ ప్రాజెక్టు నీళ్లలో ఒక వాటాని యూనిట్ అంటారు, యూనిట్లన్నీ ఒకే రకం. ప్రాజెక్టు పరిధిలో చేతులు మారడానికి ఈ నీళ్లు పంచే సంస్థ బోర్డు అనుమతి చాలు, వాటర్ కోర్టు అక్కర్లేదు. ముందు వరసలో ఉన్న హక్కుని సీనియర్ అంటారు. నది దృష్టిలో సీనియర్ వేరు, బ్యాంకు దృష్టిలో సీనియర్ వేరు. నదికి తేదీ కావాలి, బ్యాంకుకి రేపు కొనేవాడు కావాలి.

తెర మీద: కాగితం మీద లెక్క.

వ్యాఖ్యానం:
ఆ కొనేవాడు ఎవరు? ఎక్కువగా నగరాలు, బిల్డర్లు. లెక్క చూద్దాం. యూనిట్ 50,000 డాలర్లు అనుకుందాం, వడ్డీ 7 శాతం. ఏడాదికి వడ్డీయే 3,500 డాలర్లు. యూనిట్‌కి మామూలుగా వచ్చేది ముప్పాతిక ఎకరా-అడుగు లోపే. ఎకరా-అడుగు అంటే సుమారు 12.3 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం మొక్కజొన్నకి కూడా చాలదు. ఆ ఎకరం మీద గింజలమ్మితే చేతికొచ్చేది వెయ్యి డాలర్లు అటూ ఇటూ, అదీ ఖర్చులు తీయకముందు.

నా మాట అడిగితే, ఈ ధరకి సాగు కోసం అప్పు చేసి కొనడం వ్యవసాయం కాదు, రియల్ ఎస్టేట్.

డెన్వర్ పక్కన అరోరాలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా. ఆ నగరం 1980లలో ఆర్కన్సా నది లోయలో రాకీ ఫోర్డ్ కాలువ వాటాల్లో ఎక్కువ భాగం కొనేసింది. 1874 నాటి హక్కు అది. రాకీ ఫోర్డ్ పుచ్చకాయలకీ కర్బూజాలకీ పేరుపడ్డ ఊరు. అమ్మిన పొలాలకి నీరు ఆపేసి గడ్డి నాటాలని షరతు. నగరం బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది, లక్షల ఇళ్ల నల్లా బిల్లులతో తీరుస్తుంది. ఒంటరి రైతు దీనితో పోటీపడలేడు.

మరి రైతులు కొనే దారే లేదా? కలిసి కొన్న ఉదాహరణ అదే లోయలో ఉంది. ఆర్కన్సా నది దిగువన ఉన్న కాన్సాస్ రాష్ట్రం కేసు వేస్తే 1995లో అమెరికా సుప్రీంకోర్టు, కొలరాడో బోర్ల వల్ల తన నీళ్లు తగ్గాయని కాన్సాస్ చేసిన వాదన ఒప్పుకుంది. అప్పట్నుంచి బోరు తోడేవాడు దాని వల్ల నదిలో తగ్గిన నీటిని తిరిగి ఇవ్వాలి. దిగువ ఆర్కన్సా బోరు రైతులు తమ సంఘం తరఫున పాత కాలువ వాటాలు కొన్నారు. కొలరాడో నీటి సంరక్షణ బోర్డు తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ఆ నీటిని నదికి వదిలి, బదులుగా బోర్లు నడుపుకుంటున్నారు. వాయిదాలు సభ్యుల చందాల నుంచి వెళ్తాయి.