పాత కంప్యూటర్ పారేయాలా, లినక్స్ వేసుకోవాలా? విజయవాడ స్టూడియో చర్చ పూర్తి పాఠం

విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అప్పటి నుంచి కంప్యూటర్ షాపుల్లో ఒకటే గొడవ. కొత్తది కొనమని ఒకరు, క్రాక్, అంటే లైసెన్సు లేని దొంగ విండోస్, వేసిస్తామని ఒకరు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కి మారమని ఇంకొకరు. ఆ గొడవ మీదే ఈ చర్చ. ఒకరి మాటకు ఒకరు అడ్డం పడ్డ చోట్లు కూడా దిద్దకుండా ఇస్తున్నాం. పాల్గొన్నవారిని వృత్తిని బట్టి సూచించాం.

మోడరేటర్: నమస్కారం. ఈరోజు నలుగురున్నారు. గవర్నర్‌పేట నుంచి కంప్యూటర్ రిపేరు షాపు యజమాని, ఏలూరు రోడ్డు నుంచి ప్రింటింగ్ ప్రెస్ యజమాని, గుంటూరు బ్రాడీపేట నుంచి అకౌంటెంట్ మేడమ్, కంప్యూటర్ సైన్స్ లెక్చరర్ మాస్టారు. నలుగురికీ సమానంగా టైం ఇస్తాం. మొదట నా ప్రశ్న ఒకటే. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ పాడైతే బాధ్యత ఎవరిది? ఎవరికి ఫోన్ చేయాలి? మాస్టారూ...

లెక్చరర్: ఓపెన్ సోర్స్ అంటే ఊరికే వచ్చేదని కాదండి. దాని కోడ్ అందరికీ కనబడుతుంది, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. విండోస్ లాంటి రెండో రకంలో కోడ్ కంపెనీ దగ్గరే ఉంటుంది. మనం కొనేది వాడుకునే అనుమతి మాత్రమే. ఈ తేడా ముందు...

రిపేరు షాపు: మాస్టారూ, క్షమించాలి, ముందు జనం బాధ చెప్పనివ్వండి. మొన్న పటమట నుంచి ఒకావిడ కూతురి డిగ్రీ చదువు కోసం కొన్న సిస్టమ్ తెచ్చారు. ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, ఆరో తరం, ఎనిమిది జీబీ ర్యామ్. దివ్యంగా నడుస్తోంది. విండోస్ 11 ఎక్కదట. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే. ఇంకో షాపులో ఆవిడకి 'ఇది పనికిరాదమ్మా, కొత్తది తీసుకోండి' అన్నారట. చీటీ మీద 38 వేలు రాసిచ్చారు. ఆ చీటీ మడతపెట్టి పర్సులో పెట్టుకుని నా దగ్గరికొచ్చారు. నేను ఎస్‌ఎస్‌డీ, అంటే వేగంగా నడిచే డిస్కు వేసి, లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించి...

అకౌంటెంట్: కొత్తదే కొనాలని లేదుగా? విండోస్ 10కే ఇంకో ఏడాది, 2026 అక్టోబరు దాకా అప్‌డేట్లు తీసుకోవచ్చు కదా?

రిపేరు షాపు: ఏడాది తర్వాత మళ్లీ అదే చీటీ కదా మేడమ్!

మోడరేటర్: సరే, మింట్ ఎక్కించారు. రేపు ఆ అమ్మాయికి ప్రింటర్ పనిచేయలేదు. ఎవరికి ఫోన్ చేస్తుంది?

రిపేరు షాపు: నాకు చేస్తుంది! విండోస్ పాడైనా ఇప్పుడు నాకే చేస్తున్నారు సార్. మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేసిన మనిషిని బెజవాడలో ఒక్కర్ని చూపించండి!

మోడరేటర్: అది వాదనే గానీ, కంపెనీ అంటూ ఒకటుంటే ఒక జవాబుదారీ...

రిపేరు షాపు: మీ అందరి సిస్టమ్‌లో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ ఉందా లేదా? పారిస్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. 2001 నుంచి ఓపెన్ సోర్స్. ఎన్నాళ్లుగా సినిమాలు చూస్తున్నారు, ఒక్కసారైనా ఎవరికైనా ఫోన్ చేశారా? మీ జేబులో ఆండ్రాయిడ్ ఉంది, దాని కెర్నల్, అంటే లోపలి గుండెకాయ, లినక్సే!

లెక్చరర్: కెర్నల్ వరకు నిజమే. దాని మీద గూగుల్ వేసే యాప్‌లలో చాలావాటికి కోడ్ బయటికి రాదు. అందుకే ఇటంతా మంచి, అటంతా చెడు అనకూడదు.

అకౌంటెంట్: నన్నొక మాట చెప్పనివ్వండి. నా దగ్గరికొచ్చే వ్యాపారులు మిర్చి యార్డు వాళ్లు, బట్టల కొట్ల వాళ్లు. వాళ్ల లెక్కలన్నీ ట్యాలీలో. ట్యాలీ విండోస్ కోసం తయారైంది. లినక్స్‌లో నేరుగా ఎక్కదు. రిటర్న్ గడువు రోజు రాత్రి పదకొండింటికి డిజిటల్ సంతకం టోకెన్ గుర్తుపట్టకపోతే ఆ టెన్షన్ మీకు తెలియదు. నాకు స్వేచ్ఛ కంటే ఆ రాత్రి పని జరగడం ముఖ్యం.

మోడరేటర్: చూశారా! నేననేది అదే. భరోసా!

రిపేరు షాపు: మేడమ్, ట్యాలీ వాళ్లని విండోస్ వదలమని నేను అనడం లేదు. నూటికి ఎంతమంది ట్యాలీ వాడతారు? ఇంట్లో పిల్లల చదువు, యూట్యూబ్, ఉత్తరం టైపు చేసుకోవడం. దానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, ఎంఎస్ ఆఫీస్ లాంటి ఓపెన్ సోర్స్ లిబ్రే ఆఫీస్ చాలవా?

అకౌంటెంట్: లిబ్రే ఆఫీస్‌లో ఎక్సెల్ ఫైల్ తెరిస్తే మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా రాసుకున్న ఆదేశాలు, చాలాసార్లు సరిగ్గా పనిచేయవు. ఒక్కోసారి కాలమ్స్ చెదురుతాయి. క్లయింట్‌కి తిరిగి పంపితే 'ఏంటి మేడమ్ ఇలా ఉంది' అంటాడు.

లెక్చరర్: మాక్రోల విషయంలో మేడమ్ చెప్పింది నిజం.

రిపేరు షాపు: కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్సే కదా! ఆ పిల్లలకి చదువు రాలేదా?

అకౌంటెంట్: మరి మ్యూనిక్? జర్మనీలో ఆ నగరపాలక సంస్థ చాలావరకు లినక్స్‌కి మారి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది కదా?

రిపేరు షాపు: అదే జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం లిబ్రే ఆఫీస్‌కి మారుతున్నట్టు 2024లో ప్రకటించింది! అది కూడా చెప్పండి!

మోడరేటర్: జర్మనీ వద్దు, బెజవాడకి రండి. పెద్దాయన ఇంతవరకు నోరు విప్పలేదు. ప్రెస్ వాళ్లకి కంపెనీ సాఫ్ట్‌వేరే దిక్కు కదండీ?

ప్రెస్ యజమాని: దిక్కంటే దిక్కే. నాకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తప్ప ఇంకోటి చేతికి రాదు. దాని ఆఖరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. ఆ తర్వాత కంపెనీ ఆపేసింది. ఇంకా దాని మీదే బతుకుతున్నాం. కానీ ఒకటి చెబుతాను. 2009లో ఒక కథల పుస్తకం వేశాను, 320 పేజీలు. పోయిన వేసవిలో రచయిత వచ్చి రెండో ముద్రణ అన్నారు. సీడీ తీశాం. ఫైల్ తెరుచుకుంది. కానీ ఆ ఫాంట్లు కొత్త సిస్టమ్‌లో ఎక్కలేదు. 'అమ్మ' ఉండాల్సిన చోట ఒక డాలర్ గుర్తు, రెండు బ్రాకెట్లు, మీద చుక్కలున్న ఏదో ఇంగ్లీషు అక్షరం. పేజీ పేజీ అంతా అంతే. ఆయన కుర్చీలో ముందుకు వంగి స్క్రీన్ మీద వేలు పెట్టి, 'ఇది నా కథేనా అండీ' అని అడిగారు. మొదటి ముద్రణ పుస్తకం పక్కన పెట్టుకుని ఆపరేటరు మళ్లీ మొత్తం టైపు చేశాడు. 19 రోజులు పట్టింది.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

లెక్చరర్: కారణం చెబుతాను. పాత డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పనికి వాడే, ఫాంట్లలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టారు. ఆ ఫాంట్ ఉంటేనే తెలుగు, లేకపోతే గుర్తులే. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. ఏ ఫాంట్‌తో చూసినా అమ్మ అమ్మే. ఇది ఓపెన్ సోర్స్ గొడవ కంటే...

రిపేరు షాపు: అదే ఇదీ! తాళం వాళ్ల దగ్గర, సొమ్ము మనది! బాబాయ్ గారూ, మీ పుస్తకం మీకు తెరుచుకోకపోవడమేంటి? ఓపెన్ పద్ధతిలో అయితే ఫైల్ లోపల ఏముందో రాసి పెట్టి ఉంటుంది. లిబ్రే ఆఫీస్ వాడే ఓడీటీ ఫైల్ పద్ధతి 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు తెరవగలరు!

లెక్చరర్: మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడే డాక్స్ పద్ధతి కూడా 2008 నుంచి ప్రమాణమే. అసలు నేననేది...

రిపేరు షాపు: మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న! సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు. లైసెన్సు ఓపెన్. పుస్తకంలో వాడుకోండి, బోర్డు మీద వాడుకోండి, పైసా అడగరు!

ప్రెస్ యజమాని: చూశాన్నాయనా. బాగున్నాయి. కానీ పెళ్లి శుభలేఖకి, కవరు పేజీకి పాత వాటిల్లో ఉన్నన్ని సొంపులు వీటిల్లో లేవు. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగుని తీసుకోదు. నేనెక్కడికి పోవాలి?

లెక్చరర్: పేజీలు కూర్చడానికి స్క్రైబస్ అని ఓపెన్ సోర్స్‌దే ఉంది. 2024లో వచ్చిన 1.6తో మన లిపుల్లాంటివి సరిగ్గా కూర్చుతోంది. అడోబీ కంపెనీ ఇన్‌డిజైన్ కూడా చేస్తుంది, కానీ దానికి చందా కట్టాలి. ఏదైనా ఒత్తులన్నీ ముందు మీ కళ్లతో చూసుకోవాలి.

మోడరేటర్: స్క్రైబస్‌లో ఒత్తు తప్పు పడితే బాధ్యత ఎవరిది?

రిపేరు షాపు: పేజ్‌మేకర్‌లో తప్పు పడితే ఎవరిదండీ?

మోడరేటర్: స్వదేశీ మాటేంటి మరి? ఆమధ్య జోహో వాళ్ల అరట్టై చాటింగ్ యాప్ చాలామంది దించుకున్నారు. జోహో మన దేశం కంపెనీ. దానికి ఫోన్ చేయవచ్చు!

లెక్చరర్: జోహో మనదే. కానీ దాని ఉత్పత్తులు ఓపెన్ సోర్స్ కావు. దేశం వేరు, కోడ్ తెరిచి ఉండటం వేరు. ఆ రెండూ కలిపేస్తున్నాం.

అకౌంటెంట్: అందరికీ కోడ్ కనబడితే దొంగకీ కనబడుతుంది కదా? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే దాంట్లో దొంగదారి దొరికింది, లినక్స్‌లో ఫైళ్లు కుదించడానికి వాడేదే.

లెక్చరర్: అవును, చాలా పెద్ద విషయమది. దాన్ని చూసుకునేది దాదాపు ఒకే ఒక్క స్వచ్ఛంద కార్యకర్త. ఇంకెవరో రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నటించి నమ్మకం సంపాదించి, ఆ దొంగదారి లోపల పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. బాధ్యత ఎవరిదని మీరు అడిగే ప్రశ్నకి నిజమైన చోటు ఇదీ. అలాంటి ఒంటరి మనిషికి డబ్బు ఎవరివ్వాలి, ఎవరు...

రిపేరు షాపు: కోడ్ తెరిచి ఉంది కాబట్టే దొరికింది! తెరవని వాటిల్లో ఎన్నున్నాయో ఎవరికి తెలుసు? ఇంకోటి, క్రాక్ సంగతి! 2017 మేలో వానాక్రై వచ్చింది, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్. దానికి మందు మార్చిలోనే వచ్చేసింది. అప్‌డేట్ వేసుకోని వాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. క్రాక్ వేసే షాపుల వాళ్లు అప్‌డేట్లు ఆపేసి ఇస్తారు. అది మోసం సార్! అది వాడేకంటే లినక్స్ లక్ష రెట్లు మేలు!

అకౌంటెంట్: క్రాక్ తప్పని నేనూ ఒప్పుకుంటా. కానీ...

మోడరేటర్: మేడమ్ ఒప్పుకున్నారు!

అకౌంటెంట్: క్రాక్ సంగతి ఒప్పుకున్నాను, లినక్స్ సంగతి కాదు! నా మాట పూర్తి చేయనివ్వండి...

మోడరేటర్: టైం లేదు మేడమ్. ఒక్క ముక్కలో చెప్పండి మాస్టారూ, సామాన్యుడు ఏది వాడాలి?

లెక్చరర్: ఒక్క ముక్కలో తేలేది కాదండి. ఏ పనికి వాడతారు, రేపు తన ఫైల్ తను తీసుకుని బయటికి రాగలరా అని...

రిపేరు షాపు: పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి! నచ్చకపోతే తీసేయండి! ఎవరైనా నా షాపుకి రండి, నేను చూపిస్తా!

ప్రెస్ యజమాని: నాయనా, మా సీడీలు ఇంకో నలభై దాకా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే దారేమైనా ఉందా?

రిపేరు షాపు: ఉంది బాబాయ్ గారూ, కన్వర్టర్లున్నాయి. ఒత్తుల దగ్గర తప్పులు పోతాయి, కూర్చుని దిద్దుకోవాలి. రేపు పొద్దున పదింటికి రెండు సీడీలు పట్టుకురండి. ఆ పాత ఫాంట్లు కూడా...

మోడరేటర్: ఇక్కడితో ఆపేద్దాం. చూసేవారికి మరొక్కసారి నా ప్రశ్న, ఊరికే వచ్చినదానికి బాధ్యత...

రిపేరు షాపు: ...ఆ పాత సిస్టమ్ మాత్రం ఫార్మాట్ చేయొద్దు బాబాయ్ గారూ, అందులోనే ఫాంట్లుంటాయి!