అద్దె డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి?

(లండన్ శివారులో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి మూలం ఒక ఫోను. పోయిన చలికాలంలో ఒక మిత్రుడు రాత్రి పదింటికి ఫోను చేశారు. ఆయన ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పనని మాటిచ్చాను. తూర్పు లండన్‌లో ఆయనకు అద్దెకిచ్చిన ఇల్లు ఒకటి ఉంది. అందులో ఇద్దరు పిల్లలతో ఉంటున్న ఆవిడకు అద్దెలో చాలా భాగం ప్రభుత్వం ఇస్తుంది. "ఆ డబ్బు ఎటు తిరిగినా నాకు రావలసిందే కదండీ. మధ్యలో ఆవిడ ఖాతాలో వేయడం దేనికి? నేరుగా నాకే వేస్తే ఇద్దరికీ పీడ వదిలిపోతుంది" అన్నారు.

ఒక కౌన్సిలు (మన మునిసిపాలిటీ లాంటిది) కార్యాలయంలో హౌసింగ్ బెనిఫిట్, అంటే అద్దె భత్యం, దరఖాస్తులు చూస్తూ పంతొమ్మిదేళ్లు గడిపినదాన్ని. ఈ ప్రశ్న నాకు కొత్తదేమీ కాదు. అయినా ఆ రాత్రి ఏదో నసిగి ఫోను పెట్టేశాను. ఆరోజు చెప్పలేని జవాబు ఇవాళ చెబుతాను, కాస్త పొడుగ్గా.

ముందు ఒక సంగతి. మనలో విద్యార్థి వీసా మీదో, ఉద్యోగ వీసా మీదో ఉన్నవారికి ఈ భత్యం రాదు. ప్రభుత్వ నిధుల మీద హక్కు లేదన్న షరతు వీసాకే ఉంటుంది. శాశ్వత నివాసం వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంటుంది. అందుకని మన ఇళ్లలో ఈ మాట వచ్చినప్పుడల్లా అది ఎక్కువగా ఓనరు గొంతుతోనే వినిపిస్తుంది. ఈ హాల్లో రెండో ఇల్లు ఉన్నవాళ్లను చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. ఎత్తమని అడగను లెండి.

హౌసింగ్ బెనిఫిట్‌కు చట్టం 1982లో వచ్చింది. పని కౌన్సిళ్లకు అప్పగించారు. కౌన్సిలు ఇంట్లోనే ఉండేవారికి అసలు డబ్బు కదిలేదే కాదు. కౌన్సిలు ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకునేది, అద్దె పుస్తకంలో ఒక అంకె తగ్గేది, అంతే. ఏళ్ల తరబడి అలా ఉన్నవాళ్లలో తమ అద్దె ఎంతో చెప్పలేనివారిని నేను ఎంతోమందిని చూశాను. ప్రైవేటు ఇళ్లలో ఉన్నవారికి చెక్కు వచ్చేది. చాలామంది దాన్ని యజమాని పేరునే పంపించుకునేవారు.

ఇది నచ్చనివారు ప్రభుత్వంలో ఉన్నారు. తన అద్దె తాను కట్టని మనిషి బేరమాడడు, ఇల్లు వెతకడు, నెల జమాఖర్చు నేర్చుకోడు అన్నది వారి వాదం. 2003 చివరి నుంచి బ్లాక్‌పూల్, లీడ్స్, లూయిషమ్, ఎడిన్‌బరో లాంటి తొమ్మిది చోట్ల కొత్త పద్ధతి పరీక్షించారు. 2008 ఏప్రిల్‌లో దేశమంతటా ప్రైవేటు అద్దె ఇళ్లలో కొత్తగా చేరేవారికి అదే వర్తింపజేశారు. ఇల్లు ఏదన్నదాన్ని బట్టి కాక ప్రాంతాన్ని, కుటుంబానికి కావలసిన గదులను బట్టి ఒక మొత్తం. అది అద్దెకున్నవారి ఖాతాలోనే పడుతుంది. అంతకంటే చౌకగా ఇల్లు దొరికితే, వారానికి 15 పౌండ్ల వరకు మిగుల్చుకోవచ్చు.

ఆ 15 పౌండ్లు నాకు నచ్చాయి. బాధ్యత నేర్చుకో అని పేదవాడికి చెప్పేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టి చెప్పారు. కానీ 2011లో ఆ మిగులు తీసేశారు. అదే ఏడాది భత్యం లెక్కనూ కోశారు. అంతకుముందు ఆ ప్రాంతంలో సగం ఇళ్లకు సరిపోయేంత ఇచ్చేవారు. ఆ తరువాత వంద ఇళ్లలో చౌకైన ముప్పైకి సరిపోయేంత. ఆ ముప్పైలో ఖాళీగా ఉన్నవి ఎన్నో, ఉన్నా ఈ భత్యం మీద బతికేవారికి ఎవరిస్తారో మీకే తెలుసు. బేరమాడితే వచ్చే లాభం పోయింది. బాధ్యత మాత్రం మిగిలింది.

తరువాత 2012 చట్టంతో యూనివర్సల్ క్రెడిట్. ఆరు రకాల సాయాలను ఒకటిగా కలిపి, నెలకొకసారి, ఇంటికంతా ఒకే చెల్లింపు. 2013 ఏప్రిల్‌లో మాంచెస్టర్ పక్కన ఆష్టన్-అండర్-లైన్‌లో మొదలుపెట్టారు. ఇప్పుడు పింఛను వయసు దాటినవారూ, మరికొన్ని ప్రత్యేక వసతి గృహాల్లో ఉన్నవారూ తప్ప మిగతావారంతా దాదాపు ఇందులోకే వచ్చేశారు. ఇందాక చెప్పానే, అద్దె డబ్బు ఏనాడూ కంటితో చూడని కౌన్సిలు ఇళ్లవాళ్లు, వాళ్లకు కూడా అద్దె మొదటిసారి చేతికొచ్చింది.

దీనికి ముందు ఒక ప్రయోగం జరిగింది. 2012 మధ్య నుంచి ఏడాదిన్నర పాటు సదర్క్, ఆక్స్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్, ష్రాప్‌షైర్, టోర్ఫైన్, ఎడిన్‌బరోలలో కౌన్సిలు ఇళ్లలో, లాభాపేక్ష లేని హౌసింగ్ సంస్థల ఇళ్లలో ఉన్నవారికి అద్దె డబ్బు నేరుగా ఇచ్చి చూశారు. కట్టవలసిన ప్రతి 100 పౌండ్లలో వారు 95.5 పౌండ్లు కట్టారు. ప్రభుత్వం ఈ అంకె చూసి "చూశారా, కడుతున్నారు" అంది. ఇళ్ల సంస్థలు అదే అంకె చూసి "వేల ఇళ్ల మీద ఆ నాలుగున్నర ఎంతవుతుందో చూడండి" అన్నాయి. ఇద్దరి మాటా నిజమే. నన్ను ఆకట్టుకున్నది మరొకటి. కట్టని డబ్బులో ఎక్కువ భాగం మొదటి కొన్ని నెలల్లోదే. తరువాత తరువాత జనం సర్దుకున్నారు. చేతికొచ్చిన డబ్బు తాగి తగలేస్తారన్న మాట మన వాళ్లు కూడా తేలిగ్గా అనేస్తారు. తగలేసే అలవాటున్నవారే అయితే ఆరో నెలలో ఎందుకు కడతారు?

మరి మొదటి నెలల్లో ఏం జరుగుతుంది? నా బల్ల దగ్గర చూసింది చెబుతాను. మనిషి ఉద్యోగం పోయి మా దగ్గరికి వచ్చేటప్పటికే బ్యాంకు ఖాతా సున్నాకు కింద ఉంటుంది. అద్దె డబ్బు అందులో పడగానే బ్యాంకు తన బాకీ కింద జమ వేసుకుంటుంది. డబ్బు వచ్చిందని సందేశం చూసుకుని ఆ మనిషి ఏటీఎం దగ్గరికి వెళ్లేసరికి అక్కడ ఏమీ ఉండదు. కొందరు తెలివైనవాళ్లు క్రెడిట్ యూనియన్లలో, అంటే సభ్యులే నడుపుకునే పొదుపు సంఘాల్లో, ఖాతా తెరిచేవారు. అద్దె అందులోకి వచ్చి అటునుంచి అటే యజమానికి వెళ్లిపోయేది. డబ్బు అద్దెకున్నవారి పేరుతో వచ్చినట్టూ ఉంటుంది, మధ్యలో ఎవరూ మింగినట్టూ ఉండదు. ఆ ఉపాయం కనిపెట్టినవారికి దండం పెట్టాలి.

యూనివర్సల్ క్రెడిట్‌లో దీనికి తోడు అయిదు వారాల నిరీక్షణ. 2018 వరకు అది ఆరు వారాలు. దరఖాస్తు చేసిన నెలంతా లెక్క చూసి, మరో వారానికి డబ్బు వేస్తారు. ఈలోగా కావాలంటే అడ్వాన్సు ఇస్తారు, అది అప్పు, తరువాతి నెలల్లో కోసుకుంటారు. అంటే అద్దెదారు మొదటి రోజే ఒక నెల బాకీతో మొదలవుతారు. వారం లెక్కన అద్దె వసూలుచేసే కౌన్సిలు ఇళ్లలో ఇంకో తమాషా. కొన్నేళ్లలో సోమవారాలు 53 వస్తాయి. భత్యం మాత్రం 52 వారాలకే లెక్క. ఆ ఒక్క వారం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నా మిత్రుడి వైపు నుంచి చూద్దాం. రెండు నెలల అద్దె బాకీ పడితే యజమాని దరఖాస్తు పెట్టుకోవచ్చు, అప్పటి నుంచి అద్దె నేరుగా ఆయనకే పంపే ఏర్పాటు ఉంది. బాగానే ఉంది. కానీ ఇంగ్లండ్‌లో 1988 నాటి చట్టం ప్రకారం సరిగ్గా అదే రెండు నెలల బాకీ మీద ఇల్లు ఖాళీ చేయించమని కోర్టును అడగగలిగేవారు, బాకీ రుజువైతే న్యాయమూర్తికి కాదనే వీలు కూడా ఉండేది కాదు. ఒడ్డుకు లాగే తాడూ, మెడకు పడే ఉరీ ఒకే గడియకు వచ్చేవి. 2025 చట్టంలో ఆ రెండు నెలలను మూడు చేశారు. ఇద్దరికీ ఊపిరి తీసుకోవడానికి ఒక నెల దొరికింది.

యజమానులకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నేరుగా డబ్బు తీసుకోవడం ఎప్పుడూ లాభమే అనుకుంటారు. నా రోజుల్లో అద్దెకున్నావిడ ఆదాయం పెరిగినట్టు చెప్పకపోతే, ఆరు నెలల తరువాత బయటపడితే, అదనంగా వెళ్లిన డబ్బు ఎవరికి వెళ్లిందో వారి నుంచి మేము వెనక్కి అడగవచ్చు. యజమానికి వెళ్లి ఉంటే యజమానిని. ఆయన ఇవ్వకపోతే ఆయన ఇంకో ఇంట్లో ఉంటున్న మరొకరి భత్యంలోంచి కోసుకునే అధికారం కూడా మాకుండేది. ఆ మరొకరి అద్దె కట్టినట్టే లెక్క, నష్టం యజమానిదే. ఆ ఉత్తరం అందుకున్న యజమానులు ఫోనులో అన్న మాటలు ఈ వేదిక మీద చెప్పలేను.

ఇంకా పరువు సంగతి. ఇళ్ల ప్రకటనల్లో 'నో డీఎస్ఎస్' అని మీరూ చూసి ఉంటారు, భత్యం మీద బతికేవారికి ఇల్లివ్వం అని దాని అర్థం. ఆ పేరున్న ప్రభుత్వ శాఖ 2001లోనే పోయింది, పేరు మాత్రం ప్రకటనల్లో దెయ్యంలా తిరుగుతూనే ఉంది. 2020లో యార్క్ కోర్టు ఇలా గంపగుత్తగా కాదనడం స్త్రీలపై, వికలాంగులపై వివక్షే అని తేల్చింది. డబ్బు అద్దెదారు చేతికే వస్తే అది ఎక్కడిదో యజమానికి తెలియవలసిన పనే లేదు. నేరుగా యజమానికి వెళ్లిన రోజునే ఆవిడ ఆయన దృష్టిలో బెనిఫిట్ల మనిషి అయిపోతుంది.

గోడ చెమ్మ పట్టినప్పుడు, బాయిలర్ పనిచేయనప్పుడు యజమాని మాట వినడానికి ఒక్కటే కారణం, అద్దె ఆగుతుందేమోనన్న భయం. అద్దె ఆపేయమని నేనెవరికీ సలహా ఇవ్వను, ఇల్లే పోవచ్చు. కానీ ఆవిడను పక్కనపెట్టి అద్దె వెళ్లిపోతుంటే ఆవిడ మాటకు బరువేముంటుంది? 2025 జనవరిలో హైకోర్టు తీర్పు చెప్పిన కేసు ఇలాంటిదే. మరమ్మతుల గొడవ నడుస్తుండగానే, యజమాని అడిగాడని, అద్దెకున్న మనిషిని ఒక్క మాట అడగకుండా అతని భత్యంలోంచి ప్రభుత్వం కోసి యజమానికి పంపేసింది. అడగకుండా అలా చేయడం చట్టవిరుద్ధం అని కోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన రోజు నా పాత సహోద్యోగులు ముగ్గురు నాకు ఫోను చేశారు.

మన వాళ్లకు ఇది తెలియని పంచాయితీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదట కాలేజీలకు వెళ్లేది. 2021లో తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. ఫీజు మాకు చేరడం లేదని కాలేజీలు హైకోర్టుకు ఎక్కాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. తల్లికి ఇస్తే గౌరవం, కాలేజీకిస్తే భద్రత అని ఇరువైపులా ఎంతగానో వాదించారు. కానీ డబ్బు ఎవరికి వెళ్లినా, ప్రభుత్వం బకాయి పెట్టిన రోజు సర్టిఫికెట్లు బీరువాలో ఉండిపోయేది పిల్లవాడివే. ఇక్కడి అయిదు వారాలు చూసినప్పుడల్లా నాకు ఆ బీరువా గుర్తొస్తుంది.

తల్లి ఖాతా అన్న ఆలోచనలో ఒక మంచి ఉంది. ఇంట్లో ఎవరి చేతికి అన్నది వాళ్లు అడిగారు. యూనివర్సల్ క్రెడిట్ ఇంటికి ఒకే ఖాతా అంటుంది. ఆ ఖాతా కొట్టే భర్తదైతే అద్దె, పిల్లల తిండి, అన్నీ అతని గుప్పిట్లోనే. విడివిడిగా వేయమని అడగవచ్చు, నిజమే. అడిగినట్టు అతనికి తెలిస్తే ఏమవుతుందో భయపడి అడగనివాళ్లను నేను చూశాను.

ఉత్తర ఐర్లండ్‌లో అద్దె భాగం మామూలుగానే యజమానికి వెళుతుంది, మిగతాది నెలకు రెండుసార్లు వస్తుంది. స్కాట్లండ్‌లో 2017 అక్టోబరు నుంచి ప్రతివారినీ అడుగుతున్నారు: నెలకు రెండుసార్లు కావాలా, అద్దె యజమానికే పంపమంటారా అని. నా ఓటు స్కాట్లండ్‌కే. డబ్బు ఆవిడది, ఎటు పంపాలో ఆవిడే చెప్పాలి, చెప్పింది మార్చుకునే వీలూ ఉండాలి. దీనికి ఒక అభ్యంతరం ఉంది: బాకీ పెట్టేవారు యజమానికి పంపమని ఎందుకు అడుగుతారు అని. నా అనుభవంలో చాలామంది అడిగారు. ఖాతాలో ఉంటే ఖర్చయిపోతుందని భయపడేవాళ్లే ముందు అడిగేవారు.

ఒక్కటి మాత్రం ఏ పద్ధతీ తీర్చదు. అద్దె 1,100, భత్యం 900 అయితే, ఆ 900 ఎటునుంచి వెళ్లినా 200 తక్కువే. భత్యం రేట్లు 2016 నుంచి నాలుగేళ్లు కదల్లేదు. 2020లో పెంచి మళ్లీ ఆపారు, 2024లో పెంచి మళ్లీ ఆపారు. అద్దెలు అలా ఆగి కూర్చోలేదు.

చివరగా నా మిత్రుడి సంగతి. రెండు వారాల తరువాత నేనే ఫోను చేసి, ఆవిడకు డబ్బు ఏ తేదీన వస్తుందో అడిగారా అన్నాను. అడగలేదు. అడిగి చెప్పారు: ప్రతి నెలా 19న. ఒప్పందంలో అద్దె గడువు ఒకటో తేదీ. అంటే అద్దె డబ్బు ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పన్నెండు రోజులు ఖర్చు కాకుండా కూర్చోవాలి. గడువును 20కి మార్చమన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తరువాత "మా బ్యాంకు వాయిదా అయిదో తేదీన కదండీ" అన్నారు. ఆ వాయిదా తేదీ మార్చుకోవడానికి ఆయనకు ఒక ఫోను, పది నిమిషాలు పట్టాయి.