ట్రాన్స్‌ఫర్ ఎక్కడికి? బర్క్‌లీ, డేవిస్, శాన్ హోసే: మా ఇంట్లో వేసుకున్న లెక్క

[స్క్రీన్ మీద: ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్, పొద్దున్నే]

పోయిన మే నెలలో మా తమ్ముడు మూడు అడ్మిషన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు పూర్తయ్యాయి, ఇక మూడో ఏడాదికి యూనివర్సిటీకి మారాలి. ట్రాన్స్‌ఫర్ అంటే అదే. యూసీ బర్క్‌లీ, యూసీ డేవిస్, శాన్ హోసే స్టేట్ మూడూ రమ్మన్నాయి. యూసీలకు, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు, జూన్ 1లోపు చెప్పాలి. అమ్మ బర్క్‌లీ అంటుంది, నాన్న ఖర్చు లెక్కలు తీస్తారు, వాడికి నిద్ర పట్టదు. కాలిఫోర్నియాలో చాలా తెలుగు ఇళ్లలో మే నెలంతా ఇదే టెన్షన్.

మేం మొదట చూసింది పేరు కాదు, ఫీజూ కాదు. డిగ్రీకి ఇంకా ఎన్ని కోర్సులు మిగిలాయో చూశాం. యూసీలో మూడో ఏడాదిలో చేరడానికి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. యూనిట్లంటే కోర్సులకు వచ్చే క్రెడిట్లు. కానీ యూనిట్లు చెల్లడం వేరు, అవి మేజర్‌కి, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకి, పనికిరావడం వేరు. మీరు చదివిన కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది.

[స్క్రీన్ మీద: రెండు క్యాంపస్‌ల కోర్సుల పట్టికలు పక్కపక్కన]

ఒక్క ఫిజిక్స్ కోర్సు తగ్గినా దాని తర్వాతివన్నీ ఆగుతాయి. వాడి లెక్కలో డేవిస్‌లో రెండేళ్లు సరిపోతాయి, బర్క్‌లీలో ఇంకో సెమిస్టర్ పడుతుంది. చేరాక మేజర్ మార్చుకుందాంలే అని మాత్రం అనుకోకండి. కంప్యూటర్ సైన్స్‌లోకి లోపలి నుంచి మారడం చాలా కష్టం.

ఇక డబ్బు. కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు. యూసీకి వెళ్తే ట్యూషన్, ఫీజులు కలిపి ఏడాదికి 15 వేల డాలర్లకు పైనే, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. శాన్ హోసే స్టేట్‌లో అందులో సుమారు సగం. హెచ్4 మీద, అంటే అమ్మానాన్నల హెచ్1బీ మీద ఆధారపడిన వీసా మీద, ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. 21 ఏళ్లు నిండితే హెచ్4 పోతుంది. ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాక రెసిడెన్సీ, అంటే ఫీజు లెక్కలో కాలిఫోర్నియా నివాసి హోదా, నిలబడకపోతే యూసీలో ఏడాదికి 37 వేల డాలర్లకు పైగా అదనంగా కట్టాలి. మీ 21వ పుట్టినరోజు ఈ రెండేళ్లలో పడుతుంటే, సీటు ఒప్పుకునే ముందే ఆ క్యాంపస్ రెసిడెన్సీ ఆఫీసును అడగండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

క్యాంపస్ లైఫ్ అంటే సరదా అని పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు. మా నాన్న కూడా అలాగే అన్నారు. ఫ్రీమాంట్ నుంచి బర్క్‌లీకి రైలు మారకుండా వెళ్లొచ్చు, ఇంట్లోనే ఉండొచ్చు కదా అని. నిజమే. కానీ మూడో ఏడాదిలో చేరేసరికి మిగతావాళ్లకు స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి. ప్రొఫెసర్‌తో మాట్లాడటం, ల్యాబ్‌లో చోటు అడగడం, కలిసి చదువుకోవడం ఎక్కువగా క్లాసులు అయ్యాకే. రైలు కోసం పరిగెత్తేవాడికి అవన్నీ అందవు. తమ్ముడు రెండేళ్లు ఇంటికీ పార్కింగ్ లాట్‌కీ మధ్యే తిరిగాడు. కాలేజీలో వాడికి ఫోన్ చేసే స్నేహితుడు ఒక్కడూ లేడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

బర్క్‌లీ పేరుకు విలువ లేదని నేననను. మొదటి ఉద్యోగానికి అది తలుపు తెరుస్తుంది. కానీ ఆలస్యంగా ముగించి, ఎవరితోనూ పరిచయం లేకుండా బయటికొస్తే ఆ పేరు ఒక్కటే ఎంతవరకు మోస్తుంది?

వాడు డేవిస్ ఎంచుకున్నాడు. బర్క్‌లీలో పట్టే ఆ అదనపు సెమిస్టర్ ఫీజు మిగిలినా, డేవిస్‌లో అద్దెతో ఖర్చు ఎక్కువే అయింది. అయినా నాన్న ఒప్పుకున్నారు.

[స్క్రీన్ మీద: డేవిస్ వీధిలో సైకిళ్లు]

వచ్చే ఏడాదికి దరఖాస్తు పెట్టేవాళ్లకు ఒక మాట. డేవిస్, అర్వైన్, శాంతా క్రూజ్ సహా ఆరు యూసీలు ట్యాగ్ అనే సీటు హామీ ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ట్యాగ్ ఒక్క క్యాంపస్‌కే పెట్టాలి, అదీ సెప్టెంబర్‌లో. కొన్ని మేజర్లకు అది వర్తించదు కాబట్టి మీ మేజర్ ఉందో లేదో ముందే చూసుకోండి. ట్యాగ్ పెట్టినా మిగతా క్యాంపస్‌లకు మామూలుగా దరఖాస్తు చేయొచ్చు, బర్క్‌లీకి కూడా.