షుగరు కళ్లకు ఏ ఆస్పత్రి మంచిది?

(విజయవాడలో షుగరు పేషెంట్ల కుటుంబాల సమావేశంలో ఒక కంటి డాక్టరు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడండీ, అక్కడికెళ్లి చూపించుకోమంటారా, ఇక్కడ చాలా?" ఓపీలో తరచూ వినపడే ప్రశ్న ఇది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. జవాబు చెప్పాలంటే రెండు చోట్ల ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూద్దామని కూర్చుంటే, చూపు కొలిచే చార్టు దగ్గరే బండి ఆగిపోతుంది.

మనం గోడ మీద చూసే పాత స్నెల్లెన్ చార్టులో పై వరుసలో ఒక్కటే అక్షరం. అది 6/60, అంటే మామూలు చూపున్నవారు 60 మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల దూరం నుంచి చదవడం. దాని కింద 6/36. పై అక్షరం చదివి, కింది వరుసలో సగం తప్పు చెప్పినవారికి ఏం రాయాలన్నది చాలాచోట్ల చదివించే అమ్మాయి ఇష్టం. పరిశోధనల్లో వాడే ఈటీడీఆర్ఎస్ చార్టులో వరుసకు ఐదేసి అక్షరాలు. చదివిన ప్రతి అక్షరానికీ లెక్క ఉంటుంది. ఇక ఒక ఆస్పత్రిలో కళ్లజోడు పెట్టించి, ఇంకోచోట తీయించి చదివిస్తే ఆ రెండు అంకెలకూ పోలికేమిటి? అందుకే 2012లో మొదలైన ఐకామ్ అనే అంతర్జాతీయ సంస్థ, ఒక్కో జబ్బుకు ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి అన్నది అన్ని దేశాలూ ముందే ఒప్పుకునేలా జాబితాలు తయారుచేస్తోంది.

చార్టు ఒకటే అయినా గొడవ తీరదు. కంట్లో రక్తం కారి, రెటీనా (కంటి వెనక తెర) ఊడిపోయే దశలో వచ్చినవారిని కాదనకుండా చేర్చుకునే ఆస్పత్రి కాగితం మీద చెడ్డగా కనిపిస్తుంది. కష్టమైన కేసుల్ని "పెద్దాస్పత్రికి వెళ్లండి" అని పంపేసేవారికి మంచి మార్కులు. చూపు ఎంత పెరిగిందన్న లెక్కలోనూ తిరకాసుంది. బాగా తగ్గాక వచ్చినవారికి పెరగడానికి చోటుంటుంది, దాదాపు పూర్తిగా కనపడేవారికి పెరిగేదేముంది? 2015లో అమెరికాలో షుగరు వల్ల వచ్చే రెటీనా వాపుకు కంట్లో వేసే మూడు రకాల ఇంజెక్షన్లను పోల్చారు. మొదట్లో చూపు బాగున్నవారిలో మూడింటికీ తేడా లేదు. చూపు బాగా తగ్గినవారిలో మాత్రం తొలి ఏడాది వాటిలో ఒకటైన అఫ్లిబర్సెప్ట్ ముందుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది లెక్కలోకే రాని మనుషులు. ఆ అమెరికా పరిశోధనలో తొలి ఏడాదే ఒక్కో కంటికి సుమారు తొమ్మిది, పది ఇంజెక్షన్లు పడ్డాయి. మిర్చి కోతలప్పుడు పల్నాడు నుంచి నెలనెలా ఎవరొస్తారండీ? తోడు రావాలి, బస్సు దొరకాలి, ఆ రోజు కూలి పోతుంది. మానేసినవారిని పక్కనపెట్టి, వచ్చినవారి చూపునే సగటు తీస్తే ఏ ఆస్పత్రి అయినా బంగారమే. అమెరికాలోనే ఇంకో పరిశీలన చేశారు. జబ్బు ముదిరాక వైద్యం మొదలుపెట్టి, ఆరు నెలలకు పైగా మానేసి తిరిగొచ్చినవారిని చూస్తే, లేజర్ చేయించుకున్నవారి కంటే ఇంజెక్షన్లు మాత్రమే వేయించుకున్నవారి కళ్లే ఎక్కువ పాడయ్యాయి. అందుకే మీ డాక్టరు లేజర్ చేయించుకోమంటే పాతకాలం వైద్యమని తీసిపారేయకండి. మళ్లీ ఎప్పుడొస్తారో తెలియని మనిషికి చాలాసార్లు అదే సరైన వైద్యం.

ఇంగ్లండ్‌లో లెక్క ఇంకో చివర నుంచి మొదలవుతుంది. 2003 నుంచి విస్తరించిన పథకం ప్రకారం, షుగరు ఉన్న పన్నెండేళ్లు దాటిన ప్రతివారికీ కంటి ఫొటో కోసం పిలుపు వస్తుంది. ఎంతమందిని పిలిచాం, ఎంతమంది వచ్చారు అన్నదాని మీద కూడా మార్కులుంటాయి. 1999-2000లో అక్కడా, వేల్స్‌లోనూ పనిచేసే వయసువారి అంధత్వానికి మొదటి కారణం షుగరు. 2009-10 నాటికి ఆ స్థానం వంశపారంపర్య రెటీనా జబ్బులకు పోయింది. షుగరు అదుపూ, ఈ పిలుపులూ రెండూ కారణమంటారు.

మన దేశంలో 2023 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అంచనా ప్రకారం షుగరు ఉన్నవారు 10.1 కోట్లు. పిలుద్దామంటే వాళ్లందరి పేర్లూ ఒక్క చోట లేవు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్, పెదకాకానిలో శంకర ఆస్పత్రులున్న ప్రాంతం మనది, మంచి వైద్యం కోసం విమానం ఎక్కక్కర్లేదు. అయితే ఏ ఆస్పత్రికి వెళ్లినా మిషన్ ఎన్ని లక్షలని అడగడం మానేసి, పోయినేడాది ఇంజెక్షన్లు మొదలుపెట్టినవారిలో ఇప్పటికీ ఎంతమంది వస్తున్నారో అడగండి. రానివారికి ఫోన్ చేసేది ఎవరో కూడా అడగండి. "నూటికి నలభై మంది మానేశారు" అని చెప్పే ఆస్పత్రిని, "మా దగ్గర అందరికీ బాగైంది" అనే ఆస్పత్రి కన్నా నేను ఎక్కువ నమ్ముతాను.