సర్టిఫికెట్ ఉంది సరే, చేసి చూశారా?

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో పాంప్లెట్లు పెట్టేస్తారు. ఇంటర్నెట్‌లో సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్, అలాంటిదే మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్, డెవాప్స్, సైబర్ సెక్యూరిటీ, ఇప్పుడు కొత్తగా ఏఐ. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ, జిల్లాల నుంచి వచ్చి ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లలో ఉంటూ ఆ మెట్లెక్కే పిల్లల ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే. సర్టిఫికేషన్ చేస్తే ఉద్యోగం వస్తుందా, లేక తక్కువ జీతానికైనా ఎక్కడో చోట చేరిపోయి పని నేర్చుకోవాలా? నేను మాదాపూర్‌లో సర్వర్లు చూసుకునే టీమ్‌లో పనిచేస్తాను, కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను, కాబట్టి నాకు తోచింది సూటిగానే చెప్తాను. సర్టిఫికేషన్‌లో అసలు విలువ దాని సిలబస్‌ది. ఆ సిలబస్‌లో ప్రతి లైనూ చేత్తో చేసి చూసినవాళ్లకు సర్టిఫికెట్ పనికొస్తుంది, చెయ్యనివాళ్లకు మొదటి ఇంటర్వ్యూ దాకానే పనికొస్తుంది.

ముందు పరీక్షలన్నీ ఒకటి కావని తెలుసుకోవాలి. బాగా డిమాండ్ ఉన్న ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ తీసుకోండి. 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, 1000కి 720 వస్తే పాస్. ఫీజు 150 డాలర్లు, పన్ను అదనం. ప్రశ్న చదివి ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోవడమే, ఒక్క సర్వర్ కూడా మీరు పెట్టక్కర్లేదు. అదే రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు కూర్చుంటే మీ ముందు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మెషీన్ ఉంటుంది, చెప్పిన పని అందులో చేసి చూపించాలి, రీబూట్ చేసిన తర్వాత కూడా అది నిలబడాలి. అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్‌లో సీకేఏ పరీక్ష కూడా అంతే, రెండు గంటలూ కమాండ్లు టైప్ చేసే కమాండ్ లైన్ మీదే. ఈ రెండో రకం సర్టిఫికెట్ రెజ్యూమేలో కనిపిస్తే నేను ఇంకాస్త శ్రద్ధగా చదువుతాను. మొదటి రకానికి బయట డంప్స్, అంటే పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ, దొరుకుతాయి, వాటిని బట్టీ పట్టి పాసైపోయేవాళ్లున్నారు. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. దొరక్కపోయినా ఐదు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది.

ఎలా తెలుస్తుందంటే, నేను అడిగే ప్రశ్న ఒకటి చెప్తాను. లైనక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది, అప్లికేషన్ ఆగిపోయింది, డిస్క్ ఎంత నిండిందో చూపించే డీఎఫ్ కమాండ్ కొడితే 100 శాతం చూపిస్తోంది. ఏం చేస్తారు? సర్వర్‌లో జరిగినవన్నీ రాసుకునే పెద్ద లాగ్ ఫైల్ ఏదో వెతికి డిలీట్ చేస్తామంటారు చాలామంది. సరే, చేశారు. మళ్లీ చూస్తే ఇంకా 100 శాతమే ఉంది, ఇప్పుడు? చదివి వచ్చినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. పని చేసి వచ్చినవాళ్ల ముఖం వెలుగుతుంది, ఎందుకంటే ఇది వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురై ఉంటుంది. ఫైల్ పేరు పోయింది గానీ ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది, అందుకే జాగా ఖాళీ కాలేదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో ఆ ప్రాసెస్ ఏదో చూసుకుని సర్వీస్ రీస్టార్ట్ చేస్తే అప్పుడు జాగా వస్తుంది. ఇంకో సర్వర్‌లో సగం డిస్క్ ఖాళీగా కనిపిస్తూనే కొత్త ఫైల్‌కు చోటు లేదంటుంది, చూస్తే లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పేరుకుని ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున కావలసిన ఎంట్రీలు, అయిపోయి ఉంటాయి. ఇవి పుస్తకాల్లో లేవా అంటే ఉన్నాయి. కానీ రాత్రి రెండింటికి ఫోన్ మోగి, కాల్‌లో ఉన్న మేనేజర్లందరూ ఇంకా ఎంతసేపు అని అడుగుతుంటే ఆ టెన్షన్‌లో గుర్తుకు రావాలంటే అంతకుముందు ఒక్కసారైనా చేసి ఉండాలి. దేన్నైనా ముట్టుకునే ముందు బ్యాకప్ ఉందో లేదో చూసుకోవడం, తెలియనప్పుడు తెలియదని చెప్పి సీనియర్‌ను నిద్ర లేపడం, ఇవి పనిలో పడితేనే అలవాటవుతాయి.

అలాగని సర్టిఫికేషన్లన్నీ దండగ అనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. పని మాత్రమే చేసినవాళ్లకు వాళ్ల ప్రాజెక్టులో ఉన్నంతే తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఒకే అప్లికేషన్ సపోర్ట్ చేసి, నెట్‌వర్క్‌లో ఒక చిన్న భాగమైన సబ్‌నెట్ అంటే తడబడేవాళ్లను చూశాను. వాళ్లు నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఎన్‌ఏ సిలబస్ ముందు పెట్టుకుని వరుసగా చదివితే ఆ గుంతలన్నీ పూడతాయి. ఇంకో సంగతి, సర్వీస్ కంపెనీలకు క్లౌడ్ కంపెనీల పార్ట్‌నర్ హోదా కావాలంటే సర్టిఫికెట్లున్న ఉద్యోగులను లెక్క చూపించాలి, అందుకే చాలాచోట్ల ఫీజు కంపెనీయే ఇస్తుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు సొంత డబ్బు కట్టే ముందు మేనేజర్‌ను ఒక మాట అడగండి. సెక్యూరిటీలో పేరున్న సీఐఎస్‌ఎస్‌పీకి పరీక్ష పాసైతే సరిపోదు, ఐదేళ్ల అనుభవం కూడా చూపించాలి. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పీఎంపీకైతే డిగ్రీ ఉన్నవాళ్లు కూడా 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. పెద్ద సర్టిఫికేషన్లే ఇలా పని అడుగుతుంటే, చిన్నవాటిని పనికి బదులుగా చూపిస్తే ఎలా?

ఇక ఫ్రెషర్ల బాధ నాకు తెలుసు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. సరిగ్గా ఇక్కడే ఎవరో వచ్చి, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దాం, లెటర్లు, పే స్లిప్పులు మేం చూసుకుంటాం అంటారు. దయచేసి వినకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తారు, మీ పీఎఫ్‌కు ఉండే యూఏఎన్ నంబర్ మీద ఏ కంపెనీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కట్టిందో అందులో ఉంటుంది. చేరాక ఆరు నెలలకు బయటపడ్డా ఉద్యోగం పోతుంది, ఊళ్లో అప్పు చేసి పంపించిన అమ్మానాన్నలకు ఏం చెప్తారు?

అలాంటివాళ్లకు ఇచ్చే డబ్బులో పావు వంతుతో అనుభవం సంపాదించవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో, ఒక కంప్యూటర్ లోపలే వేరే కంప్యూటర్లు నడిపించే వర్చువల్ బాక్స్ వేసి రెండు లైనక్స్ మెషీన్లు పెట్టుకోండి. ఒకదాంట్లో వెబ్ సర్వర్, ఇంకోదాంట్లో డేటాబేస్. నడిచాక కావాలని పాడు చెయ్యండి. డిస్క్ నింపండి, ఫైర్‌వాల్ మూసేయండి, ఫైల్ పర్మిషన్లు తప్పుగా మార్చండి, ఏ ఎర్రర్ వచ్చిందో, ఎలా సరిచేశారో తేదీతో సహా రాసుకోండి. క్లౌడ్ కావాలంటే ఏడబ్ల్యూఎస్‌కు 2022 నుంచి మన హైదరాబాద్‌లోనే రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, ఉంది, అకౌంట్‌లో దాన్ని ఎనేబుల్ చేసుకుంటే చాలు. అయితే మొదటి రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కు కలిపే నాట్ గేట్‌వే లాంటిది పెట్టి మర్చిపోతే వాడినా వాడకపోయినా గంటల చొప్పున బిల్లు పడుతూనే ఉంటుంది. హెల్ప్ డెస్క్ ఉద్యోగం వస్తే చిన్నచూపు చూడకుండా చేరండి, రోజూ వచ్చే టికెట్లకు, అంటే యూజర్ల ఫిర్యాదులకు, మించిన పాఠాలు లేవు.

మొన్న మా టీమ్‌లోకి ఒకమ్మాయిని తీసుకున్నాం. సర్టిఫికెట్ ఒకటే ఉంది, ఎక్స్‌పీరియన్స్ లేదు. ఆ విషయం తనే ముందు చెప్పి, ఇంట్లో చేసిన ల్యాబ్ నోట్స్ తెరిచి, డేటాబేస్ మూడుసార్లు ఎందుకు కూలిపోయిందో ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది. మూడోదానికి తను కనుక్కున్న కారణం నాకూ వెంటనే తట్టలేదు.

ఉంటాను. నమస్కారం.